ఆరో గడి: కరిచినవారు

ప్రజలకు తెలియజేయడమేమనగా, అరవై ఎనిమిదో సంవత్సరం శ్రావణ మాసంలో, వంశధార ఒడ్డున ఉన్న ఒకానొక తాలూకా ఆసుపత్రిలో అత్యవసర విభాగం ప్రారంభమైంది. కళింగపట్నం నుంచి శ్రీముఖలింగం వైపు పోయే దారిలో ఆ ఊరు తగులుతుంది. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో చివర్లో మనవి చేసుకుంటాను.

అంతకుముందు ఆ తాలూకాలో అత్యవసరాలు లేకపోలేదు. ఉన్నాయి గాని వాటికంటూ ఒక గది లేదు. ఎద్దు పొడిచినవాడూ, తాటిచెట్టు మీంచి జారినవాడూ, నూతిలోంచి తీసినవాడూ, దగ్గుమందు కోసం వచ్చినవాళ్లతో పాటు ఒకే వరసలో నిలబడి, తమ వంతు వచ్చేదాకా ఓపిగ్గా బతికి ఉండేవారు. ఓపిక చాలనివారు వరస తప్పించి వెళ్లిపోయేవారు. ప్రజల్లో క్రమశిక్షణ ఇంతగా లోపించడం చూసి ప్రభుత్వం బాధపడి, అత్యవసరాలకు వేరే వరస మంజూరు చేసింది.

ప్రారంభోత్సవానికి సమితి ప్రెసిడెంటు చినబాబుగారు విచ్చేసి రిబ్బను కత్తిరించారు. కత్తెర మొద్దుది కావడం వల్ల రిబ్బను తెగలేదు. ఆపరేషన్లకు వాడేది అదే కత్తెర గనుక ఎవరూ పైకి ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆయన ఇలా ఉపన్యసించారు:

"సోదర సోదరీమణులారా! పక్క తాలూకావాళ్లకి కాలు విరిగితే ఎటు పోవాలో తెలీదు. మనకి తెలుసు. ఇకమీదట ఈ తాలూకా ప్రజలు ఏ దిగులూ లేకుండా నిర్భయంగా ప్రమాదాలకు గురి కావచ్చును. అయితే ఒక్క మాట. ఇంత మంచి విభాగం పెట్టించుకుని వాడుకోకపోతే పై వాళ్లు ఏమనుకుంటారు? పక్కవాళ్లు ఎగరేసుకుపోరా? కాబట్టి ప్రతి పంచాయతీ నుంచీ నెలకి రెండు అత్యవసరాలకు తగ్గకుండా పంపాలని సర్పంచులందరినీ కోరుతున్నాను. జైహింద్."

సర్పంచులు చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు అక్కడికక్కడే తమ వార్డు మెంబర్ల వంక చూశారు.

విభాగం అంటే, విరిగిన మంచాలు పడేసే గదిలోంచి మంచాలు బయటికి తీసి, ఒక బల్ల, ఒక స్ట్రెచరు, ఒక ఇనప బీరువా లోపలికి పెట్టారు. బీరువాలో ప్రాణాలు నిలబెట్టే మందులన్నీ ఉన్నాయి. బీరువా తాళంచెవి మాత్రం హెడ్ క్లర్కు అనంతపద్మనాభంగారి జంధ్యానికి ఉంది. డాక్టరు దగ్గర ఉండాలి గదా అని మీరు అడగవచ్చు. డాక్టర్లు వస్తుంటారు, బదిలీ అయి పోతుంటారు. హెడ్ క్లర్కు బీరువాలాగే ఉన్నచోటే ఉంటాడు.

అనంతపద్మనాభంగారి గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పుకోవాలి. ఆయనది ముఖలింగేశ్వరుడి సన్నిధిలో తరతరాలుగా వేదం చెప్పిన వంశం. తాతగారు అక్షరం పొల్లు పోకుండా, ఒక మాట కలపకుండా, ఒక మాట తియ్యకుండా వేద పన్నాలకు పన్నాలు అప్పజెప్పేవారట. మనవడికి వేదం అబ్బలేదు గాని నిష్ఠ అబ్బింది. దాన్ని ఆయన ఇరవై ఆరేళ్లుగా ఫారాల మీద ప్రయోగిస్తున్నారు. సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదు. ఎవరికీ ఎప్పుడూ అపకారం చెయ్యలేదు. ఉపకారం చెయ్యమని అడిగినవాళ్లకు ఆయన ఓర్పుగా నిబంధన చదివి వినిపించేవారు.

అప్పుడప్పుడే ఆఫీసుల్లో ఇంగ్లీషు పోయి తెలుగు వస్తోంది. అత్యవసర విభాగానికి పైనుంచి వచ్చిన ఫారం ఇంగ్లీషులో ఉంది. దాన్ని తెలుగు చేసే పవిత్ర కార్యం అనంతపద్మనాభంగారి మీద పడింది. రోగి కండిషన్ ఎలా ఉందో రాయవలసిన గడికి ఆయన 'రోగి షరతులు' అని పేరు పెట్టారు. ఆ గడిలో ఎప్పుడూ 'ఏవీ లేవు' అనే పడేది, ఎందుకంటే మన రోగులు షరతులు పెట్టేవాళ్లు కారు. ఆరో గడి దగ్గర మాత్రం ఆయన కలం ఆగిపోయింది. ఇంగ్లీషులో అక్కడ 'బిట్టెన్ బై' అని ఉంది. కరిచినది అనాలా, కరిచినవాడు అనాలా? మూడు రోజులు మథనపడ్డారు. కరిచేది ఎవరో ముందుగా తెలియదు, ఏ హోదాలో ఉన్నవారైనా కావచ్చు. అందుచేత మర్యాదగా ఉంటుందని 'కరిచినవారు' అని ఖాయం చేశారు. ఫారం అడుగున స్వయంగా ఇలా చేర్చారు: "పై గడులను, వెంట వచ్చినవారు చెప్పిన మాటల్లోనే, ఏ మాటా కలపక, ఏ మాటా తియ్యక పూరించి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకొనవలెను. కొట్టివేతలు చెల్లవు."

బీరువా తలుపు మీద ఒక పట్టీ అంటించారు. ఆరో గడిలో కుక్క అని పడితే ఏ మందు, తేలు అని పడితే ఏ మందు, పాము అని పడితే ఏ సూదిమందు, పురుగు అని పడితే ఏ మలాం ఇవ్వాలో అందులో ఉంది. గడిలో మాట పడాలి, పట్టీలో మాట కలవాలి, అప్పుడు తాళం తియ్యాలి. ఇంత చక్కటి ఏర్పాటు ఇంకెక్కడా లేదని అనంతపద్మనాభంగారికి మనసులో గర్వంగా ఉండేది. ఇంట్లో భార్య లక్ష్మీకామేశ్వరికి కూడా ఆ పట్టీ వివరంగా చెప్పారు. ఆవిడ విని, పప్పు అడుగంటుతోందని లోపలికి వెళ్లిపోయింది.

ఇంకొక్క సంగతి చెప్పి కథలోకి వస్తాను. ఆ రోజుల్లో ఆసుపత్రి పక్క వరండాలో పంతొమ్మిది మంది చాపల మీద పడుకుని ఉన్నారు. అందరికీ వాంతులు, బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు. ఏటికి కొత్తనీరు వచ్చినప్పటినుంచీ వస్తూనే ఉన్నారు. వాళ్ల జబ్బేమిటో వరండా ఊడ్చే మనిషికి కూడా తెలుసు. కాని అంతకు నెల ముందే పైనుంచి ఒక కాగితం వచ్చింది. రికార్డుల్లో కలరా అనే మాట ఎక్కడా రాయరాదు, 'ఋతుసంబంధమైన పలచటి విరేచనాలు' అని రాయవలెను అని అందులో ఉంది. ఆ మాట రాయకూడదని చెప్పడానికి ఆ కాగితంలో ఆ మాట ఒక్కసారి రాయక తప్పలేదు. అందుకని దాని మీద 'రహస్యం' అని ముద్ర కొట్టారు. కలరా అని రాస్తే జిల్లా కేంద్రం నుంచి లారీలో సెలైన్ సీసాలు వస్తాయి. ఋతుసంబంధమైనవాటికి తలకి రెండు మాత్రలు వస్తాయి. నర్సు దానమ్మ ఆ మాత్రలతో పాటు ఉప్పు వేసిన గంజి కుండలకొద్దీ కాచి తాగిస్తూ వాళ్లని నిలబెడుతోంది. గంజికి పట్టీలో గడి లేదు గనుక అది ఎవరి అనుమతీ లేకుండానే అందుతోంది.

ఇక కథ. బుధవారం ఉదయం పది గంటలకి ఒక నాటుబండి ఆసుపత్రి గేటులోకి దూసుకొచ్చింది. తోలుతున్నది గురమ్మ. వెనక గడ్డి మీద పడుకున్నది ఆమె మొగుడు జోగయ్య. ఏటికి అవతల ఊరు. ఊడ్పులకి నారు మోస్తూ గట్టు మీద కాలు వేశాడు. కుడి చీలమండ పైన పక్కపక్కనే రెండు చుక్కలు, చుట్టూ వాపు. పైన తలగుడ్డతో బిగించి కట్టి తీసుకొచ్చింది.

కొత్తగా చదువు పూర్తిచేసి వచ్చిన డాక్టరు నరసింగరావు పరుగున వచ్చి కాలు చూశాడు, కళ్లు చూశాడు. జోగయ్య కనురెప్పలు వాలిపోతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. డాక్టరు "బీరువా!" అని అరిచాడు. అరవవలసింది ఫారం అని. ఆయనకి ఇంకా అనుభవం చాలదు.

రెండో గుమాస్తా కూర్మనాథం ఫారం తీశాడు. ఇతను అనంతపద్మనాభంగారి ఏకైక శిష్యుడు. గురువు గీసిన గీత దాటడు. మొదటి గడిలో రోగి పేరు అడిగితే గురమ్మ సిగ్గుపడి తల తిప్పుకుంది. మొగుడి పేరు చెప్పే ఆడది ఆ చుట్టుపక్కల లేదు. ఆ పేరు జోగయ్యే గొణిగాడు గనుక ఆ గండం గడిచింది. తక్కిన గడులు చకచకా నిండాయి. ఆరో గడి వచ్చింది.

"కరిచినవారు?" అన్నాడు కూర్మనాథం.

"పురుగు ముట్టినాది బాబూ," అంది గురమ్మ.

ఆ వైపు పల్లెల్లో పాము కరిస్తే పాము అనరని మీకు తెలుసు. ఆ పేరు ఎత్తితే, అది విని, తనని పిలిచారనుకుని విషం జరజరా తలకెక్కుతుంది. మనిషి లేచి కూర్చుని గంజి తాగేదాకా అది పురుగే. అనంతపద్మనాభంగారికి ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. చిన్నప్పుడు ఆయన మేనమామని కరిచినప్పుడు ఇంటిల్లిపాదీ పురుగే అన్నారు. కాని తెలిసింది వేరు, గడిలో రాసేది వేరు. ఈ తేడా తెలియనివాళ్లు ప్రభుత్వోద్యోగానికి పనికిరారు.

కూర్మనాథం 'పురుగు' అని రాశాడు. అనంతపద్మనాభంగారు పట్టీ చూసి, మలాం డబ్బా తీయడానికి లేచారు.

"పురుగేమిటండీ! పామండీ అది! కోరల గుర్తులు కనపడటం లేదా? ఆ సూదిమందు తియ్యండి!" అన్నాడు డాక్టరు.

"తమరు చూశారా?"

"ఏమిటి చూడ్డం?"

"కరుస్తుండగా."

"నేనెలా చూస్తానండీ, నేనిక్కడుంటే!"

"అదే మనవి చేస్తున్నాను. చూడని వైద్యుడు చెబితే అది అభిప్రాయం. చూసినవాళ్లు చెబితే సమాచారం. ఫారంలో అభిప్రాయానికి గడి లేదు. ఆవిడ పాము అందా, మరుక్షణం తాళం తీస్తాను. నాకేం అభ్యంతరం చెప్పండి?"

డాక్టరు గురమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఒక్క మాట. పాము అను. అనేస్తే నీ మొగుడు బతుకుతాడు."

గురమ్మ రెండు చెవులూ మూసుకుంది. "అమ్మ బాబోయ్! నాననకూడదు బాబూ! మీరు పరాయోల్లు, మీరంటే పర్నేదు. ఇంటోల్లు అనకూడదు. నానంటే నా గొంతు పోల్సుకుంటాది. ఇసం ఎక్కిపోతాది."

"అనకపోతే ఎక్కిపోతుందే తల్లీ!"

"సదువుకున్నోరు, మీకేటి తెలుస్తాది బాబూ," అంది గురమ్మ జాలిగా. ఆ మాట డాక్టరుకి బాగానే తగిలింది.

జోగయ్యని అడిగారు. వాడు నాలుక తిరగక "పు... పురుగే" అన్నాడు. ప్రాణం మీదికి వచ్చినా మాట మీద నిలబడ్డాడు. అనంతపద్మనాభంగారికి వాడి నిష్ఠ చూసి లోపల గౌరవం కలిగింది.

దానమ్మ ఒక ఉపాయం చెప్పింది. పేరు వద్దు, ఆనవాళ్లు అడగమంది. కూర్మనాథం కొత్త కాగితం తీసుకుని కూర్చున్నాడు.

"కాళ్లెన్ని?"

"నేవు బాబూ."

"రంగు?"

"నలుపు."

"పొడుగు?"

గురమ్మ రెండు చేతులూ బార చాచింది. చాలక, పక్కనున్న దానమ్మ చేతిని కూడా కలుపుకుంది.

"తలకాయ ఎలా ఉంది?"

గురమ్మ చెయ్యి పైకెత్తి, అరచెయ్యి విప్పి, ముందుకి వంచి, కూర్మనాథం ముక్కు దాకా తీసుకొచ్చింది. అతను కుర్చీలోంచి వెనక్కి పడబోయి తమాయించుకుని, "దీనికి అక్షరం ఏదండీ?" అని గురువుగారిని అడిగాడు.

"సంజ్ఞకి అక్షరం లేదు. మాట ఉంటేనే రాయి," అన్నారు అనంతపద్మనాభంగారు. నుదుట చెమట తుడుచుకున్నారు. జోగయ్య వంక చూడడం మానేసి పట్టీ వంకే చూస్తున్నారు. చివరికి మనసు కరిగి, "కాళ్లు లేని, నల్లని, రెండు బారల పురుగు అని తేలింది గనుక, సాధారణ పురుగు కాదు. ప్రత్యేక కేసుగా భావించి మలాం రెండు డబ్బాలు మంజూరు చేస్తున్నాను," అన్నారు. ఇరవై ఆరేళ్లలో ఆయన నిబంధనని ఇంతగా సాగదీసింది అదే మొదలు.

డాక్టరు బీరువాని ఒక తన్ను తన్నాడు. బీరువాకి సొట్ట పడింది, తెరుచుకోలేదు. ఆ సొట్ట మీద వేరే ఫైలు నడుస్తోంది, దాని సంగతి ఇక్కడ అప్రస్తుతం. జోగయ్య ఊపిరి ఎగశ్వాసగా మారింది. దానమ్మ వాడి తల ఒళ్లో పెట్టుకుని పిలుస్తోంది.

గురమ్మ కళ్లు గదంతా వెతికాయి. హెడ్ క్లర్కు కుర్చీ పైన గోడకి ఒక క్యాలెండరు వేలాడుతోంది. పాలసముద్రంలో శ్రీమహావిష్ణువు శయనించి ఉన్నాడు. గురమ్మ అటు వేలు చూపించి, "అదుగో! అదే బాబూ!" అంది.

"ఎవరు, మహావిష్ణువా?" అన్నాడు కూర్మనాథం కలం పట్టుకుని.

"అపసారం, అపసారం. ఆ బాబు కాదు. కింద."

"లక్ష్మీదేవా?"

"ఆ తల్లెందుకు కరుస్తాది! ఆ సామి దేని మీద పడుకున్నాడు, సూడండి!"

కూర్మనాథం దగ్గరికి వెళ్లి పరిశీలించి, "పడక," అని రాసుకున్నాడు. పట్టీలో పడకకి మందు లేదు.

"అనంతపద్మనాభం గారూ!" డాక్టరు గొంతు చించుకున్నాడు. "మనిషి పోతున్నాడండీ!"

ఏడుస్తున్న గురమ్మ ఠక్కున ఆగిపోయింది. "ఈ బాబు పేరేటి?"

"అనంతపద్మనాభం," అంది దానమ్మ.

గురమ్మ భాద్రపదంలో కరణంగారింట్లో ఆ స్వామి వ్రతానికి ఏటేటా ముంగిలి అలికే మనిషి. దర్భలతో ఏడు పడగలు కట్టి అనంతుడని పూజ చెయ్యడం గుమ్మంలోంచి చూసిన మనిషి. ఆమె మొహం వెలిగిపోయింది. నోటితో పలకదగ్గ పేరు ఒకటి దొరికింది, అదీ దేవుడి పేరు!

"అదే బాబూ! అదే కరిసినాది మావోడిని! అనంతపద్మనాభం! రాసీండి, బేగి రాసీండి!"

కూర్మనాథం రాశాడు. మాట కలపలేదు, మాట తియ్యలేదు. ప్రభుత్వోద్యోగి పేరు రాసినప్పుడు హోదా కూడా రాయాలన్నది వేరే నిబంధన గనుక అదీ రాశాడు. వేలిముద్ర తీసుకున్నాడు. లేచి నిలబడి, నియమం ప్రకారం స్పష్టంగా చదివి వినిపించాడు: "రోగి పేరు జోగయ్య. స్థలం, పొలం గట్టు. భాగం, కుడి చీలమండ. కరిచినవారు, శ్రీ అనంతపద్మనాభం, హెడ్ క్లర్కు, తాలూకా ఆసుపత్రి."

అనంతపద్మనాభంగారు ఫారం మీదికి వంగి తన పేరు తానే చదువుకున్నారు.

"కొట్టెయ్యి," అన్నారు అనంతపద్మనాభంగారు.

"కొట్టివేతలు చెల్లవండి. తమరే నేర్పారు."

"చింపెయ్యి!"

"వేలిముద్ర పడిపోయిందండి." కూర్మనాథం వినయంగా పట్టీ చివరి వరస చూపించాడు. "మనిషి మనిషిని కరిస్తే పోలీసులకి చీటీ పంపాలని తమరే రాశారండి. నౌకరు కూర్మయ్య తీసుకెళ్లాడండి."

కూర్మయ్యని ఏ పని మీద పంపినా గేటు దాటడానికి అరగంట పట్టేది. ఈ చీటీలో ఏముందో తెలిసిన కూర్మయ్య అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు.

ఇరవై ఆరేళ్ల మచ్చలేని సర్వీసు అనంతపద్మనాభంగారి కళ్ల ముందు తిరిగింది. విచారణ జరుగుతుంది. బుధవారం ఉదయం నువ్వు పొలం గట్టున ఏం చేస్తున్నావు అంటారు. ఒక రైతుని చీలమండ దగ్గర కరవవలసిన అవసరం ఏమొచ్చింది అంటారు. తేలేదాకా పింఛను ఆపుతారు. లక్ష్మీకామేశ్వరికి ఏమని చెప్పాలి?

ఆయన తెలివిగలవాడు. ఆరోపణ పడ్డ ఉద్యోగి అదే గడిలో స్వదస్తూరీతో నిజం రాసి సంతకం చెయ్యవచ్చునని నిబంధన ఉన్నట్టు మెరుపులా గుర్తొచ్చింది. కూర్మనాథం చేతిలో కలం లాక్కున్నారు. "నేను కాదు. పాము." అని రాశారు. రాసింది చాలదనిపించి, కిటికీ దగ్గరికి పోయి రోడ్డు మీద కూర్మయ్యకి వినపడేలా అరిచారు.

"పాము! ఒరే కూర్మయ్యా, పామురా! నేను కాదురా, తాచుపామురా!"

పక్క వరండాలో పంతొమ్మిది మందీ తలలెత్తి చూశారు. గురమ్మ "సంపీసినావు బాబూ!" అని మొగుడి తల రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, విషం ఎక్కకుండా.

ఆరో గడిలో పాము అని పడింది. పట్టీలో పాము అని ఉంది. రెండూ కలిశాయి. అనంతపద్మనాభంగారు నిబంధన తప్పే మనిషి కారు. జంధ్యం ముడి విప్పడానికి వ్యవధి లేక, బీరువాకి వీపు ఆనించి వంగి, ఒంటి మీద ఉండగానే తాళంచెవి తిప్పారు. తలుపు తెరుచుకుంది. తలుపుతో పాటు ఆయన కూడా కొంత దూరం వెళ్లారు. డాక్టరు సూదిమందు తీసుకుని పరుగెత్తాడు.

జోగయ్య ప్రాణం కోసం ఆ విభాగం నలభై ఒక్క నిమిషాలు పనిచేసింది. హెడ్ క్లర్కు పరువు కోసం నలభై సెకన్లు పనిచేసింది. రెండింటిలో ఏది అత్యవసరమో విభాగానికి తెలుసు. పోలీసు చీటీ సంగతి చెప్పాలి గదా, కూర్మయ్య పరుగున వెళ్తూ వెళ్తూ టీకొట్టు చూసి అలవాటు చొప్పున ఆగాడు. దానమ్మ వెళ్లి చీటీ తిరిగి తెచ్చింది.

మర్నాడు ఉదయం జోగయ్య కళ్లు తెరిచి, లేచి కూర్చుని గంజి తాగాడు. గిన్నె కింద పెట్టి మొట్టమొదట అన్న మాట: "ఓలమ్మో! ఎంత పామే!" ఇప్పుడు అనవచ్చు. కూర్మనాథం ఫారం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు గాని అప్పటికి గడి మూసేశారు. గురమ్మ మాత్రం డాక్టరుకి దండం పెట్టలేదు. హెడ్ క్లర్కుకి పెట్టింది. అనంతుడి పేరు గల బాబే దాని అసలు పేరు అరిచి, విషాన్ని తనమీదికి దించుకున్నాడని ఆమెకి నమ్మకం. ఆయన ఆ మాట ఖండించలేదు.

ఈ విజయగాథ పైదాకా వెళ్లింది. ఒక పెద్ద అధికారి స్వయంగా వచ్చి ఫారం చూసి మెచ్చుకున్నారు. ఆరో గడిలో 'నేను కాదు' అన్న ముక్క ప్రభుత్వ రికార్డుల్లో తాను చూసిన అతి నిజాయితీ గల వాక్యమని అన్నారు. ఇకమీదట రోగి తరఫువారు కరిచినదాని పేరు చెప్పడానికి వెనకాడితే, దానికి బదులు ఆసుపత్రి ఉద్యోగుల్లో ఎవరి పేరైనా చెప్పవచ్చునని ఉత్తర్వు ఇచ్చి వెళ్లారు.

ప్రజలు తెలివైనవాళ్లు. వారం తిరక్కుండా చుట్టుపక్కల పల్లెలన్నీ కిటుకు పట్టేశాయి. ఎద్దు పొడిచినా "హెడ్ క్లర్కు బాబు పొడిసినాడు" అని చెప్పేవారు. చెట్టు మీంచి పడ్డవాడు "కూర్మనాథం బాబు తోసీనాడు" అనేవాడు. పేరు పడ్డవారు పరుగున వచ్చి 'నేను కాదు' అని అసలు సంగతి రాసేవారు, మందు వెంటనే దొరికేది. ఆ వారంలో అనంతపద్మనాభంగారు పదకొండు మందిని కరిచారు, నలుగురిని పొడిచారు, ఒకరిని నూతిలోకి నెట్టారు. అందరూ బతికి బట్టకట్టారు. అంతమంది ప్రాణాలు కాపాడిన హెడ్ క్లర్కు ఆ జిల్లాలో ఇంకొకరు లేరు.

పదిహేనో రోజున జోగయ్య కాలు తీసి కాలు వేసి నడవగలిగాడు, ఇంటికి పొమ్మన్నారు. గురమ్మ లేత ఆనపకాయ ఒకటి కొంగులో పెట్టుకుని హెడ్ క్లర్కు బల్ల దగ్గరికి వచ్చింది. కాయ బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడింది.

"ఆ వరండాలోల్లకి ఏటయినాది బాబూ? మా అప్ప కూతురు కూడా ఉన్నాది ఆలల్లో. రేతిరి నుండి గంజి కూడా ఇమడ్డం నేదంట. అది... అదే గదేటి?"

అనంతపద్మనాభంగారు గాభరాగా వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. "ష్! ఆ పేరు ఎత్తకూడదమ్మా. ఋతుసంబంధమైన పలచటి విరేచనాలు."

గురమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది. ఇన్నాళ్లూ ఈ ఆఫీసువాళ్లు ఏదో వేరే జాతి అనుకుంది. తీరా చూస్తే తమవాళ్లే.

"ఓలి నా బాబూ! మీకూ ఉన్నాదేటి? పేరెత్తితే ఎక్కిపోతాదేటి?"

"ఎక్కిపోతుంది."

"ఎక్కడికి బాబూ?"

"పైకి," అన్నారు ఆయన, గొంతు తగ్గించి.

గురమ్మ తలెత్తి పైకి చూసింది. పెంకుల కింద దూలం, దూలానికి బల్లి తప్ప ఏమీ కనపడలేదు. అయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంగి, అంతే మెల్లగా అడిగింది.

"అయితే మరి, ఆల మందుకి ఎవులి పేరు సెప్పాల బాబూ?"

అనంతపద్మనాభంగారి నాలుక చివర ఒక పేరు ఆడింది. ఆ వెనకే ఇంకొకటి. అన్నీ పెద్ద పెద్ద హోదాల పేర్లే. ఏ ఒక్కటి గడిలో పడినా సాయంత్రానికి లారీ వస్తుంది. ఆయన నోరు తెరిచారు, ఆనపకాయ వంక చూశారు, నోరు మూసుకున్నారు. గురమ్మ దానమ్మకి గంజి కాచడంలో సాయం చేద్దామని వరండా వైపు నడిచింది.

ఊరి పేరు ఎందుకు రాయలేదో చివర్లో మనవి చేసుకుంటానన్నాను. కారణం పెద్దదేమీ కాదు. నేను ఆ ఊరివాణ్ణి, నేనంటే నా గొంతు పోల్చుకుంటారు. మీరు పరాయివాళ్లు గదా, మీరంటే పరవాలేదు. ఆ ఊరి పేరు, ఆ వరండా పేరు, ఆ పెద్ద పేర్లు మీకూ తెలుసు. ఏదీ, గట్టిగా ఒక్కసారి అనండి.

అనరేం? మీరూ ఇంటివాళ్లేనా?